ప్లీడరు గారి భార్య వేషం

పెళ్లయి మందమర్రికి వచ్చిన నెలకు, మా ఆయన రేకుపెట్టెలో ఒక ఆడమనిషి ఫోటో దొరికింది. నలుపు తెలుపు ఫోటో. పెద్ద అంచు చీర, మెడ నిండా నగలు, చేతిలో కప్పూ సాసరూ. ఆమె ఫోటో తీసేవాడి వైపు కాకుండా కొంచెం పక్కకు, ఎవరి మీదనో దయ తలచినట్టు చూస్తోంది. ఫోటోను మళ్లీ పెట్టెలో పెట్టి, మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు. మాట్లాడటం లేదన్న సంగతి ఆయన గమనించలేదు. పొద్దంతా గనిలో ఉండి వచ్చిన మనిషికి ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే హాయిగానే ఉంటుంది. గమనించింది మా అత్త.

"ఏందే పిల్లా, మూడొద్దుల సంది కూరల ఉప్పు ఎక్కువైతుంది?" అని అడిగింది.

ఫోటో తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. వెలుతురుకు పట్టి చూసింది. గోడకు ఆనుకుంది. నవ్వు ఆగక అట్లే కింద కూలబడింది.

"ఓ పిచ్చిపిల్లా! గది నీ మొగుడే!"

ఇంకోసారి చూశాను. ముక్కు ఆయనదే. లోపలి ఏడుపు ఆగింది కానీ మనసు కుదుటపడలేదు. ఇంకో ఆడదయితే ఏదో ఒక వంక పెట్టేదాన్ని. ఇక్కడ చీరలో నాకంటే నా మొగుడే బాగున్నాడు.

ఆయన గనిలో టింబర్‌మన్. పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం పని. ఆ రోజుల్లో కంపెనీ క్లబ్బులో ఏటా ఒక నాటకం ఆడేవారు. కాలనీలో ఏ ఇంటి ఆడమనిషీ స్టేజీ ఎక్కేది కాదు కాబట్టి సన్నగా ఉన్న పడుచువాళ్లకు ఆడవేషాలు కట్టేవారు. అట్లా పడింది ఆయనకు ప్లీడరు గారి భార్య వేషం.

నాటకం కోస్తా వైపు ఎవరో పాతకాలంలో రాసిన ప్రహసనం. కథ చిన్నది. ఒక ప్లీడరు గారి భార్య జడ్జిగారి కుటుంబాన్నీ, ఊళ్లో మరి నలుగురు పెద్దలనూ తేనీటికి పిలుస్తుంది. ఇంట్లో మంచి కప్పులు లేవు. పనిమనిషిని పంపి, వచ్చే అతిథుల ఇళ్ల నుంచే తలా ఒక కప్పు, ఎవరికోసమో చెప్పకుండా, అరువు తెప్పిస్తుంది. విందులో ఎవరి కప్పు వాళ్ల చేతికే వస్తుంది. ప్రతివాళ్లూ తమ కప్పును గుర్తుపడతారు. మర్యాదస్తులు కదా, ఎవరూ నోరు విప్పరు. "కప్పు ఎంత ముచ్చటగా ఉందండీ!" అంటే, "మా పుట్టింటివారు పెట్టారండీ" అంటుంది ఆమె, ఆ కప్పు సొంతదారుతోనే. నాటకమంతా ఇంతే. ఎవరూ ఏమీ అనకపోవడమే అందులో నవ్వు.

పోయినేడు ఆ నాటకాన్నే మళ్లీ ఆడాలని అనుకున్నారు. ఆ రోజుల్లో తెర వెనక నుంచి మాటలు అందించిన తెలుగు సారు ఇప్పుడు రిటైరయి క్లబ్బులో నాటకాల పని చూస్తున్నాడు. ఒక ఆదివారం పొద్దున మా ఇంటికి వచ్చాడు. ఆయన ఎందుకు వచ్చాడో మా ఆయనకు ముందే ఎవరో చెప్పినట్టున్నారు. ఇస్త్రీ చొక్కా తొడిగి, కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. అరవై ఆరేళ్ల మనిషి గొంతు రెండుసార్లు సవరించుకున్నాడు.

"అన్నా, మన పాత నాటకం మళ్ల ఆడుతున్నం," అన్నాడు సారు.

"విన్న," అన్నాడు మా ఆయన. "మంచి ముచ్చట. అయితే నాకు ఇప్పుడు మోకాళ్లు జర నొస్తున్నయి సారూ. నేర్చుకున్నదైతే ఏం మర్వలే గని..."

సారు ఇబ్బందిగా చాయ్ గుటక వేశాడు. "అదిగాదన్నా. ఇప్పుడు కాలం మారింది. ఆడవేషం ఆడోళ్లే కట్టాలె, లేకుంటే బాగుండదని కమిటీల అన్నరు." ఇక్కడ నా వైపు తిరిగాడు. "చెల్లె ముప్పై ఏండ్లు అంగన్‌వాడీల పిల్లలకు పాటలు చెప్పింది. గొంతు చివరి వరుసదాంక వినిపిస్తది. మన ఇంట్లనే ఉన్నంక బయట దేవులాడుడెందుకని..."

నేను గ్యాస్ పొయ్యి దగ్గర చెయ్యి కాల్చుకున్నాను. మా ఆయన ఇస్త్రీ చొక్కా పై గుండీ విప్పుకున్నాడు. తర్వాత చాలా మర్యాదగా, "మంచిది. ఆమె చేస్తె నాకేం? సంతోషమే," అన్నాడు. ఆ మాట వినగానే అర్థమైంది, ఆయనకు సంతోషం లేదని.

రెండు రోజులు ఏమీ మాట్లాడలేదు. ఈసారి గమనించింది నేను. మూడో రోజు నేను నాటకం మాటలు రాసిన కాగితం పట్టుకొని వాకిట్లో అటూ ఇటూ నడుస్తూ బట్టీపడుతుంటే, ఆయన పేపరు దించి, "గట్ల నడుస్తరా?" అన్నాడు.

"ఎట్ల నడవాలె మరి?"

"నువ్వు పిల్లల ఎంబడి ఉరికినట్టు నడుస్తున్నవ్. ఆమె ప్లీడరు భార్య. ఆమెకు ఏడికి తొందర లేదు."

"ముప్పై ఎనిమిదేండ్ల సంది నీ ముంగటనే నడుస్తున్న గదయ్యా. ఎన్నడు వంక పెట్టలే."

"అప్పుడు నువ్వు ఇంట్ల నడిచినవ్."

లేచి, తుండుగుడ్డ భుజం మీద పైటలా వేసుకొని, వాకిలి ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి చూపించాడు. మోకాళ్ల నొప్పి ఉన్న మనిషి అట్లా నడుస్తాడని నేను అనుకోలేదు. సరిగ్గా అప్పుడే పక్క క్వార్టరు ఆవిడ కొత్తిమీర అడగడానికి వచ్చింది. గేటు దగ్గర నిలబడి, తుండుగుడ్డ కొంగు సర్దుకుంటున్న మా ఆయనను చూసి, కొత్తిమీర అడగకుండానే వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచి నాకు ఇంట్లో పాఠం, సాయంత్రం క్లబ్బులో రిహార్సల్. సారు మాటలు దిద్దేవాడు, మా ఆయన మనిషిని దిద్దేవాడు. కుర్చీలో ఎట్లా కూర్చోవాలి, ఎవరైనా పొగిడితే ఎంత ఆలస్యంగా నవ్వాలి, తలుపు వైపు ఎప్పుడు చూడకూడదు, ఇట్లాంటివన్నీ. నేను ఆడదాన్నే కదా, ఇది నాకు నేర్పవలసిన పనా అనిపించేది. కానీ ఆయన చేసి చూపిస్తే ప్లీడరు భార్య కనిపించేది. నేను చేస్తే నేనే కనిపించేదాన్ని.

నాటకంలో మాటలు కోస్తా మాటలు. నోటికి అలవాటు కావాలని సారు మమ్మల్నిద్దరినీ వారం రోజులు ఇంట్లో ఆ భాషే మాట్లాడుకోమన్నాడు. మొదలుపెట్టాం.

"ఏమండీ, మంచినీళ్లు ఇస్తారా?" అనేవాడు ఆయన.

"తప్పకుండానండీ. ఆ బిందె మీ పక్కనే ఉంది, మీరు గమనించలేదు కాబోలు," అనేదాన్ని నేను.

మా కాపురంలో అంత మర్యాదగా ఎన్నడూ మాట్లాడుకోలేదు. అన్నేసి గొడవలు కూడా ఎన్నడూ పడలేదు. మా మాటల్లో అయితే ఒక్క అరుపుతో ఒడిసిపోయే పంచాయితీ ఈ 'అండీ'లతో పొద్దంతా సాగేది. నాలుగో రోజు ఆయనే, "ఇగ బంద్ చేద్దాం, నాకు కడుపుల మంట లేస్తుంది," అన్నాడు.

నాటకం రోజు వచ్చింది. స్టేజీ మీద పెట్టే కప్పులు కూడా నిజంగా అరువువే. కొత్తిమీర ఆవిడే ఇచ్చింది. "పగిలినా ఫికర్ లేదు వదినా," అని రెండుసార్లు అన్నది కాబట్టి పగలకూడదని అర్థమైంది. హాల్లో ముందు సోఫాలు, వాటి వెనక దిండ్లున్న కుర్చీలు, ఆ వెనక ప్లాస్టిక్ కుర్చీలు. ఎవరు దేంట్లో కూర్చోవాలో ఎక్కడా రాసి లేదు. అయినా ఎవరూ తప్పు కుర్చీలో కూర్చోలేదు. మధ్య సోఫా మాత్రం ఖాళీ. అది ముఖ్య అతిథిది, హెడ్డాఫీసు నుంచి వచ్చే పెద్దసారుది. ఆయన కోసం గంటసేపు ఎదురుచూసి, రాడని నాటకం మొదలుపెట్టారు.

మొదటి రంగం బాగానే నడిచింది. రెండో రంగంలో అందరం కప్పులు పట్టుకొని కూర్చున్నాం. కప్పుల్లో నిజం చాయే ఉంది. ఖాళీ కప్పు పట్టుకున్న చేతికీ నిండు కప్పు పట్టుకున్న చేతికీ తేడా తెలుస్తుందని మా ఆయన పట్టుబట్టి పోయించాడు. జడ్జిగారి భార్య తన కప్పును తిప్పి తిప్పి చూస్తోంది. హాల్లో నవ్వులు లేస్తున్నాయి. అప్పుడు వెనక తలుపు దగ్గర కలకలమైంది. పెద్దసారు వచ్చాడు.

తెలుగు సారు స్టేజీ మీదికి ఉరికొచ్చి, మా మధ్యలో నిలబడి మైకు అందుకున్నాడు. లైట్లు వెలిగాయి. తెర దించుదామంటే తాడు ఇరుక్కుంది. పెద్దసారును స్టేజీ ఎక్కించారు, దండ వేశారు, శాలువా కప్పారు. ఆయన మాట్లాడటం మొదలుపెట్టాడు. మేమందరం కప్పులు పట్టుకొని లేచి నిలబడి ఉన్నాం. పెద్దమనిషి మాట్లాడుతుంటే కూర్చోవడం బాగుండదు, కప్పు కింద పెడితే చప్పుడవుతుంది. పక్క తెర చాటు నుంచి మా ఆయన నాకు సైగలు చేస్తున్నాడు, నవ్వు, నవ్వు, నవ్వుతూనే ఉండు అని.

పెద్దసారు కళల గురించి చెప్పాడు. బొగ్గు గురించి చెప్పాడు. కళలకూ బొగ్గుకూ ఉన్న సంబంధం గురించి చెప్పాడు. ఆ తర్వాత పాత కళాకారులకు సన్మానం అని సారు పేర్లున్న పెద్ద కాగితం తీశాడు. నా కప్పులో చాయ్ మీద మీగడ కట్టింది. చెయ్యి లాగుతోంది, నవ్వి నవ్వి దవడ నొప్పి పుడుతోంది. ఎట్లా వచ్చిందో నాకే తెలియదు. నా నోరు నన్ను అడగకుండా తెరుచుకుంది.

"సారూ, చాయ్ సల్లారిపోతుంది. జర మీరన్న కూసోండ్రి, మమ్ములనన్న కూసోనియ్యిండ్రి!"

అంగన్‌వాడీ గొంతు. మైకు అవసరం పడలేదు. ముందు ప్లాస్టిక్ కుర్చీల్లోంచి లేచింది నవ్వు. అది ముందుకు పాకి, దిండ్ల కుర్చీలు దాటి, సోఫాల దాకా వచ్చింది. పెద్దసారు నా వైపు తిరిగాడు. నా పని అయిపోయిందనుకున్నాను. ఆయన నవ్వి, జడ్జిగారి చేతిలో కప్పు తీసుకొని ఒక గుటక తాగి, "నిజమే, సల్లారింది," అని దిగి వెళ్లి తన సోఫాలో కూర్చున్నాడు. చప్పట్లు ఆగలేదు. ఆ తర్వాత నేనేమన్నా జనం నవ్వారు. నవ్వు లేని చోట కూడా నవ్వారు.

నాటకం అయ్యాక అందరూ నా చుట్టూ మూగారు. మా ఆయన దూరంగా నిలబడి కప్పులు తుడిచి గంపలో సర్దుతున్నాడు. ఇంటికి నడుస్తుంటే అడిగాను.

"అందరు మెచ్చుకున్నరు. నువ్వొక్కనివే ఏం అనలే."

"ప్లీడరు భార్య గట్లంటదా?" అన్నాడు.

"నేనన్న గదా."

"నువ్వంటవ్. ఆమె అనది. ఆమె చెయ్యి పడిపోయినా నవ్వుకుంటనే నిలబడ్తది. చాయ్ సల్లారిందని సచ్చినా అనది. గా ఒక్క మాట అనంగనే నాటకం ఒడిసిపోయింది. తర్వాత మీరు ఆడింది ఏందో నాకు తెల్వది."

నాకు కోపం వచ్చింది. కోపంలో కూడా ఆయన చెప్పింది నిజమని తెలుస్తోంది. అందుకే కోపం ఇంకొంచెం ఎక్కువైంది.

వారం తిరక్కుండా సారు వచ్చాడు. పెద్దసారు చెప్పి కరీంనగర్‌లో ఆట పెట్టించాడట. "ఆ చాయ్ మాట మాత్రం ఉండాలన్నడమ్మా. అదే హైలైటు." సారు అప్పటికే రాసుకొచ్చాడు. మా వాళ్లలో ఒకతను ముఖ్య అతిథిలా ఆలస్యంగా వచ్చి ఆట ఆపాలి, ఉపన్యాసం ఇవ్వాలి, నేను ఆ మాట అనాలి. నా మాటను గుండ్రటి అక్షరాలతో రాసి, పక్కన 'ఇది నోరు జారినట్టు అనవలెను' అని సూచన పెట్టాడు. 'చాయ్' తర్వాత ఎంతసేపు ఆగాలో కూడా గీత గీశాడు.

నోరు జారడం పన్నెండుసార్లు ప్రాక్టీసు చేశాను. మా ఆయన చూసి, "నాటకంల ఇంకో నాటకం. నాకేం సమజ్ అయితలేదు," అని పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

కరీంనగర్‌లో ఆదివారం మధ్యాహ్నం ఆట. హాలు పెద్దది, జనం బాగా వచ్చారు. దొంగ ముఖ్య అతిథి శాలువాతో స్టేజీ ఎక్కాడు. అనుకున్నట్టే ఉపన్యాసం మొదలుపెట్టాడు. జనానికి అది నాటకమని తెలియలేదు. నిజంగానే ఎవరో నాయకుడు అడ్డం వచ్చాడనుకున్నారు. వెనక నుంచి ఒకాయన, "ఏయ్, దిగవయ్యా! ఆట నడువనియ్యవా?" అని అరిచాడు. ఇంకో నలుగురు అందుకున్నారు. మావాడు భయపడి సగం ఉపన్యాసానికే ఆపేశాడు. నేను నా మాట అన్నాను, గీత గీసిన చోట ఆగి మరీ అన్నాను. ఎవ్వరూ నవ్వలేదు. అప్పటికే జనం వాడిని తిట్టి ఉన్నారు, నేను చెప్పడానికేం మిగల్లేదు.

ఆట అయ్యాక మేకప్ తుడుచుకుంటుంటే ఒక ముసలాయన కర్ర పట్టుకొని లోపలికి వచ్చాడు. ఒకప్పుడు మందమర్రిలో పనిచేశాడట, ఇప్పుడు కరీంనగర్‌లో బిడ్డ దగ్గర ఉంటున్నాడు. మా ఆయన నా నగల పెట్టె పట్టుకొని పక్కనే నిలబడి ఉన్నాడు.

"మంచిగ చేసినవ్ బిడ్డా," అన్నాడు ముసలాయన. "ఏమనుకోకు గని, వెనుకట మా క్లబ్బుల ఇదే వేషం ఒకామె కట్టేది. ఆమె చూపు, ఆమె కూసునుడు! అసొంటి మనిషిని మళ్ల చూడలే. యాడున్నదో ఏమో. మీకేమన్న తెలుసా?"

నేను మా ఆయన వంక చూశాను. ఆయన నగల పెట్టె మూత సరిగ్గా మూశాడు.

"ఆమె ఇప్పుడు స్టేజీ ఎక్కుతలేదు," అన్నాడు.

"పెండ్లయి పోయిందా?"

"అయింది."

"అదే మరి! పెండ్లయినంక ఏ మొగడు పంపిస్తడు," అని ముసలాయన నిట్టూర్చి, కర్ర పొడుచుకుంటూ వెళ్లిపోయాడు.

బస్సులో పెద్దపల్లి దాటేదాకా నేను నవ్వు ఆపుకోలేకపోయాను. ఆయన కిటికీలోంచి పత్తిచేన్లు చూస్తున్నాడు.

"నేనే అని చెప్పకపోతివి?"

"చెప్తే ఏమైతది? గన్నేండ్ల సంది ఆమెను యాది పెట్టుకున్నడు. నా మొఖం జూసి పరేషాన్ అయితడు."

ఇంకోటి అడిగాను. ఇన్నాళ్లూ అడగాలని తోచని మాట. "అప్పుడు నువ్వు ఇరవై నాలుగేండ్ల పోరగానివి. ప్లీడరు భార్యను ఎన్నడన్న చూసినవా?"

"మా క్వార్టర్ల వరుసల ప్లీడర్లు యాడున్నరు?"

"మరి ఎవరిని చూసి నేర్చుకున్నవ్?"

"మా అవ్వను."

నేను నమ్మలేదు. ఆయన అవ్వ అంటే మా అత్త, బొగ్గు తట్టలు మోసిన మనిషి. ఆమెకూ ప్లీడరు గారి తేనీటికీ ఏం సంబంధం? ఆయన మెల్లగా చెప్పాడు. వాళ్ల బాపు, మా మామ, ఉద్యోగం ఊడి ఇంట్లో కూర్చున్న ఏడాది, ఎవరు వచ్చినా ఆమె నిలబడి పలకరించేదట. పొయ్యి వెలగని రోజు కూడా, "ఇప్పుడే తిన్నం, మీరు వస్తరంటే జర ఆగుదుము," అనేదట. ఆ అనడంలో వచ్చినవాళ్లకే తప్పు చేసినట్టు అనిపించి, అడగడానికి వచ్చింది అడగకుండా లేచిపోయేవాళ్లట.

"ప్లీడరు భార్య చేసేది అదే గదా," అన్నాడు ఆయన. "ఇంట్ల ఏం లేదు. లేదని ఎవ్వరికి తెల్వద్దు. నాకు సారు చెప్పిన మాటలు ఏం ఎక్కలే. మా అవ్వను తల్సుకొని కూసున్న, అంతే."

పద్దెనిమిదేళ్లు ఆమెతో ఒక్క ఇంట్లో ఉన్నాను. ఆ చూపు కింద వంట నేర్చుకున్నాను. ఫోటోలో ఆ చూపుకు చీర కట్టి నగలు పెట్టేసరికి గుర్తుపట్టలేకపోయాను.

మూడో ఆట హుజూరాబాద్‌లో. ఈసారి చాయ్ మాట అననని సారుకు చెప్పాను. "జనం అడుగుతున్నరమ్మా," అన్నాడు.

"అలాగాండీ," అన్నాను నేను. "అయితే ఆ జనానికి నచ్చే ఇంకొకావిడను చూసుకోండి. నేనేమీ అనుకోనండీ."

సారు నా మొహం చూసి కాగితంలో ఆ భాగం కొట్టేశాడు.

హుజూరాబాద్‌లో నేను మనసులో ప్లీడరు భార్యను కాదు, మా అత్తను పెట్టుకొని కూర్చున్నాను. జడ్జి భార్య కప్పు తిప్పి చూస్తుంటే, అరువు బయటపడుతుందని నిజంగా భయమేసింది. ఆ భయం ఎవరికీ కనపడకూడదని నవ్వాను. మందమర్రిలో లేచినట్టు ఒక్కసారిగా నవ్వు లేవలేదు. కొంచెం కొంచెంగా వచ్చింది, నవ్వినవాళ్లు ఎందుకు నవ్వామా అని పక్కవాళ్లను చూసుకున్నట్టు. ముందు వరుసలో ఒకావిడ నవ్వుతూ నవ్వుతూ కళ్లు తుడుచుకుంది. మా ఆయన ఆ రోజు తెర చాటున నిలబడలేదు. జనంలో కూర్చున్నాడు. అయ్యాక వచ్చి, "రెండో రంగంల పైట జారింది," అన్నాడు. అంతకు మించి ఏమీ అనలేదు. ఆ ఒక్కటే దొరికిందంటే, మిగతాది ఫర్వాలేదని అనుకున్నాను.

ఈ మధ్య జడ్జి వేషం వేసే ఆయన బిడ్డ పురుడని హైదరాబాద్ పోయాడు. సారు ఈసారి నిజంగానే మా ఆయన కోసం వచ్చాడు. మాటలు నాలుగే, కూర్చొని చాయ్ తాగితే చాలు. మా ఆయన ఒప్పుకున్నాడు. మొదటి రిహార్సల్‌లోనే సారు తల పట్టుకున్నాడు. జడ్జిగారు మోకాళ్లు దగ్గర పెట్టుకొని, చిటికెన వేలు చాపి కప్పు పట్టుకొని, కంటి కొస నుంచి చూస్తూ కూర్చున్నాడు.

"అన్నా, మొగోని లెక్క కూసోవే!" అన్నాడు సారు.

ఎంత చెప్పినా రాలేదు. ఇప్పుడు రోజూ పొద్దున వాకిట్లో నేను కుర్చీ వేసి కూర్చుని, "కాళ్లు ఎడంగ పెట్టు. కప్పు గట్ల కాదు, పిడికిలితోని పట్టు," అని చూపిస్తున్నాను. కొత్తిమీర ఆవిడ గేటు దగ్గర నిలబడి చూస్తుంటుంది. ఈసారి వెళ్లిపోవడం లేదు, ఆమె కూడా సలహాలు చెబుతోంది.